గిజిగాడి గూడు కోసుకురమ్మన్న ఆ మెసేజికి

ఆ వాట్సాప్ మెసేజి మళ్ళీ వచ్చింది. మార్చి 20న పిచ్చుకల దినం నాడు ఒకసారి, జూన్ మధ్యలో వచ్చే ఒడియావాళ్ళ రజొ పండగ వెళ్ళి నాలుగు చినుకులు పడగానే ఇంకోసారి. ఏడాదికి రెండు పంటలు. "పక్షుల్ని బతికిద్దాం" అని పైన, చేతులు జోడించిన బొమ్మలు పక్కన, మధ్యలో తొమ్మిది సూచనలు, ఆఖర్న "పదిమందికి పంపండి, మీ ఇంట సిరి నిలుస్తుంది". ఒడిశాలోని పర్లాకిమిడి గ్రూపుల్లో తెలుగులో తిరుగుతుంది, గుణుపూర్ గ్రూపుల్లో ఘరచటియా, అంటే ఊరపిచ్చుక పేరుతో ఒడియాలో తిరుగుతుంది, బరంపురం కాలనీల్లో రెండూ కలిసి తిరుగుతాయి. పంపేవాళ్ళందరూ మంచివాళ్ళే. చిక్కంతా అక్కడే ఉంది. మంచివాళ్ళు పంపారు కాబట్టి పాటించేవాళ్ళుంటారు.

తొమ్మిదింటికీ జవాబు రాస్తున్నాను. వరసలో కాదు. కొన్నిటికి ఒక్క వాక్యం చాలు, ఒకదానికి మాత్రం ఎంత రాసినా కోపం తీరదు.

ముందు చిల్లర లెక్కలు తేల్చేద్దాం.

రెండో సూచన, నిజానికి సూచన కాదు, వింత: "గిజిగాడు మిణుగురు పురుగుల్ని బంకమట్టికి అంటించి గూట్లో దీపం పెట్టుకుంటుంది." మట్టి నిజం. సగం కట్టిన గూటి లోపలి గోడకి మగపక్షి తడిమట్టి ముద్దలు మెత్తుతుంది, గాలికి గూడు మరీ ఊగిపోకుండా బరువు కోసమని చాలామంది అనుకునే కారణం. మిణుగురులు మాత్రం ఎవరో కవిగారి పుణ్యం. రాత్రి గుడ్ల మీద కళ్ళు మూసుకుని కూర్చునే పక్షికి దీపం దేనికి? పరీక్షలున్నాయా?

నాలుగోది: "గూడు ఎత్తులో కడితే వానలెక్కువ, కిందికి కడితే కరువు." గిజిగాడికి తాటిచెట్టు దొరికితే మట్టల చివర కడుతుంది, నూతి మీదికి వాలిన తుమ్మకొమ్మ దొరికితే నీళ్ళకి బారెడు పైన కడుతుంది. ఒకే ఊళ్ళో రెండూ కనిపిస్తాయి. ఈ లెక్కన ఆ ఊరికి ఒకే ఏడు వరదా కరువూ జంటగా రావాలి.

ఎనిమిదోది: "కోయిలపిల్ల పుట్టగానే కాకిపిల్లల్ని గూట్లోంచి తోసేస్తుంది, దర్జీపిట్ట దారానికి ముడి వేసి ఆకులు కుడుతుంది." తోసేసే పని యూరప్ కుక్కూ పిల్లది. మన కోయిలపిల్ల మామూలుగా కాకిపిల్లల పక్కనే నోరు తెరుచుకుని పెరుగుతుంది. ఇక దర్జీపిట్ట ముడి వేయదు. ముక్కుతో ఆకు అంచున చిన్న కన్నం పొడిచి, దూదిపోగో సాలీడు దారమో అందులోంచి లాగి వదిలేస్తుంది. బయటికొచ్చిన కొస విచ్చుకుని కన్నంలో బిగుసుకుపోతుంది, రేకుకి రివెట్ కొట్టినట్టు. ఆకు తొడిమ తెగదు కాబట్టి గూడు పచ్చగానే ఉంటుంది, మీ మందారచెట్టులోనే ఉన్నా మీకు కనపడదు. ముడి కంటే ఇదే గొప్ప పని, కానీ మెసేజి రాసినవాడికి ముడే కావాలి.

ఇప్పుడు మొదటిది. "మొబైల్ టవర్ల వల్లే పిచ్చుకలు అంతరించిపోయాయి." ముందు "అంతరించిపోయాయి" అన్నమాట చూద్దాం. 2020లో వచ్చిన భారతదేశ పక్షుల స్థితి నివేదిక ప్రకారం, పాతికేళ్ళ లెక్క తీస్తే దేశం మొత్తం మీద ఊరపిచ్చుకల సంఖ్య దాదాపు నిలకడగా ఉంది, తగ్గింది పెద్ద నగరాల్లో. కాశీనగర్ సంతలో బియ్యం బస్తాల మధ్య అరగంట నిలబడితే ఆ నివేదిక చదవక్కర్లేదు. తర్వాత టవర్లు. లండన్‌లో కెన్సింగ్టన్ గార్డెన్స్ అనే పార్కులో 1925లో లెక్కపెడితే 2603 పిచ్చుకలు, 1975లో లెక్కపెడితే 544. 1975లో ఎవడి జేబులో ఫోనుంది? గుర్రపు బళ్ళు పోయాయి, దాణా గింజలు రాలడం ఆగింది, పురుగులు తగ్గాయి, కొత్త కట్టడాల్లో సందులు పోయాయి. మన దగ్గరా జరిగింది అదే. నాటుపెంకుల ఇంట్లో గోడకీ వాసానికీ మధ్య పిడికెడు సందు ఉండేది, దూలం మీద పటం వెనక ఇంకో చోటు ఉండేది, కళ్ళంలో నూర్పిడి జరిగితే వీధంతా గింజలే. డాబా ఇంటికి సందెక్కడిది? సిమెంటు పూత పూసి, కిటికీకి దోమల జాలీ కొట్టి, పెరట్లో టైల్సు పరిచి, ఆ డాబా మీద నిలబడి టవర్ని తిడుతున్నాం.

అయితే ఒక్క మాట ఒప్పుకోవాలి. 2007లో బెల్జియంలో ఒక అధ్యయనం వచ్చింది. టవర్ల నుంచి వచ్చే తరంగాల తీవ్రత ఎక్కువున్న చోట మగపిచ్చుకలు తక్కువ కనిపించాయని అందులో తేలింది. రెండూ ఒకచోట కనిపించాయంటే ఒకటి రెండోదానికి కారణమని కాదు, కానీ టవరు మాటెత్తినవాడినల్లా పిచ్చివాడిలా చూడటం కూడా న్యాయం కాదు. "వల్లే" అన్న ఆ ఒక్క మాటతోనే నా తగువు.

ఏడోది: "నేలమీద పడ్డ పిల్లని ముట్టుకోకండి, మనిషి వాసన తగిలితే తల్లి వదిలేస్తుంది." తల్లి అలా వాసన చూసి పిల్లని వెలివేయదు. ఈకలు రాని, కళ్ళు తెరవని పిల్ల అయితే మెత్తగా పట్టుకుని గూట్లో పెట్టేయండి, ఎంత తొందరగా పెడితే అంత మంచిది. ఈకలొచ్చి గెంతుతూ ఉంటే దాన్ని పక్కనున్న పొదలోకి జరిపి, పిల్లిని కట్టేసి, మీరు లోపలికి వెళ్ళిపోండి. అది ఎగరడం నేర్చుకుంటోంది, తల్లి పైన తీగమీదే ఉంటుంది. నోట్లో నీళ్ళు పోయొద్దు, ఊపిరి గొట్టంలోకి పోతుంది. పాలు వద్దు, అన్నం మెతుకులు వద్దు. పిచ్చుక గింజలు తినే పక్షే అయినా తొలిరోజుల్లో పిల్లకి పెట్టేది పురుగులు, గొంగళ్ళు. తల్లి గూడు వదిలే సందర్భం మాత్రం ఒకటుంది. గూడు కడుతున్నప్పుడో గుడ్లు పెడుతున్నప్పుడో పదేపదే నిచ్చెనేసుకుని ఎక్కి ఫోటోలు తీస్తే వదిలేసి పోవచ్చు. అది వాసన తప్పు కాదు, మీ తప్పు.

ఐదో సూచన నుంచి నా ఓపిక సన్నగిల్లుతుంది. "దువ్వెనలో రాలిన జుట్టు, పాత స్వెటరు ఊలు, రంగురంగుల దారాలు పళ్ళెంలో పెట్టి బాల్కనీలో ఉంచండి, పక్షులు గూటికి వాడుకుంటాయి." వాడుకుంటాయి, నిజమే. తర్వాత ఏమవుతుందో మెసేజిలో లేదు. పిచ్చుకపిల్ల గూట్లో ఉండేది రెండువారాలు. ఆ రెండువారాలూ కాళ్ళు తన్నుకుంటూనే ఉంటుంది. జుట్టూ నైలాను దారమూ తెగవు, చీకిపోవు. గోరుకో మడమకో ఒక చుట్టు పడిందంటే కాలు లావెక్కేకొద్దీ ఆ చుట్టు మాంసంలోకి దిగుతుంది, కింది పాదం నల్లబడి ఎండిపోతుంది. కాలు దక్కినా, మిగతావి ఎగిరిపోయిన రోజున ఇది గూటి నుంచి దారానికి తలకిందులుగా వేలాడుతుంది. గాలిపటం మాంజా ముక్క అయితే చెప్పక్కర్లేదు.

పక్షికి సామగ్రి మనం సరఫరా చేయక్కర్లేదు. ఎండుగడ్డి, ఈకలు, కొబ్బరిపీచు, చీపురు పుల్లల ముక్కలు ఏ పెరట్లోనైనా ఉంటాయి. ఇంకా చెప్పాలంటే ఎంచుకోవడం వాటికి మనకంటే బాగా తెలుసు. కలకత్తాలో పిచ్చుకలు పచ్చి వేపాకు తెచ్చి గూట్లో పరుచుకోవడం 1981లోనే అచ్చయింది. మెక్సికో నగరంలో ఊరపిచ్చుకలు కాల్చి పారేసిన సిగరెట్ పీకల్లోని దూది తెచ్చి పరుచుకుంటే గూట్లో పక్షుల్ని పీడించే చిన్న పురుగులు తగ్గాయని 2013లో రాశారు. అలాగని పీకలు పళ్ళెంలో పెట్టకండి, ఇంకో మెసేజి పుట్టుకొస్తుంది. మరీ ఏదో ఒకటి ఇవ్వాలనిపిస్తే కొబ్బరిపీచుని రెండంగుళాలకి మించకుండా తుంచి పెట్టండి. ఇంకో మేలు కూడా చేయొచ్చు. దసరాకి బూజు దులిపేటప్పుడు వరండా మూలల్లో రెండు సాలెగూళ్ళు వదిలేయండి. తేనెపిట్ట గూటికి అదే జిగురు. బట్టలారేసే తీగకో కాలింగ్ బెల్లు వైరుకో చెత్త ఉండ వేలాడుతున్నట్టు కనిపిస్తే చీపురు ఎత్తకముందు పక్కనుంచి చూడండి. చిన్న చూరు దించిన గుమ్మం కనపడిందంటే అది చెత్త కాదు.

ఇక మూడో సూచన. అక్షరం మార్చకుండా దించుతున్నాను:

"తాటిచెట్లకి వేలాడే గిజిగాడి గూళ్ళు ఎండి గోధుమరంగు తిరిగాయంటే పక్షి వదిలేసినట్టే. తల్లిపక్షి అంత కష్టపడి కట్టిన ఇల్లు వృథా పోకుండా కోసి తెచ్చి మీ వరండాలో కట్టండి. పిచ్చుకలు చేరతాయి, వాస్తుదోషం పోతుంది."

వాస్తు జోలికి నేను వెళ్ళను. మిగతాది ప్రతి ముక్కా తప్పు, అందులో మొదటిది హత్య.

ఈ గూడు ఎలా కడతారో, సారీ, ఎలా కడుతుందో చూడండి. కట్టేది తల్లి కాదు, మగపక్షి. వానలు పడి గడ్డి ఏపుకొచ్చాక మొదలుపెడుతుంది. వరి, చెరకు, రెల్లు, తాటి, ఏ ఆకైనా సరే అంచున ముక్కుతో చిన్న గాటు పెట్టి, ఆ కొస పట్టుకుని ఎగురుతుంది. ఆ ఊపుకి ఆకు నిలువునా చీరుకుని పోగు చేతికొస్తుంది, అంటే ముక్కుకొస్తుంది. ఒక్కో పోగు 20 నుంచి 60 సెంటీమీటర్లు. ముందు మట్ట కొసకి చుట్టి బిగిస్తుంది, దాని కింద ఉట్టితాడులాంటి కాడ, కాడ కింద నిలువుగా ఒక వలయం. ఆ వలయంలో నిలబడే మిగతా అల్లికంతా. ఒక వైపు బుంగలా ఉబ్బించి గుడ్ల గది, రెండో వైపు దారి. దాదాపు 8 రోజులకి అది కింద నోరు తెరిచిన హెల్మెట్‌లా ఉంటుంది. అక్కడ పని ఆపి, రెక్కలు కొట్టుకుంటూ పాడుతూ వేలాడుతుంది.

ఇవి పెళ్ళిచూపులు. ఆడపక్షి వచ్చి లోపల దూరి, పోగులు లాగి చూసి, కొమ్మ ఎక్కడుందో చూసి, నచ్చకపోతే వెళ్ళిపోతుంది. ఎవరికీ నచ్చకపోతే మగది దాన్ని అలాగే వదిలేసి ఇంకోటి మొదలుపెడుతుంది. నచ్చితేనే గుడ్ల గది అడుగు మూసి, కిందికి గొట్టం అల్లుతుంది. మొత్తం 18 రోజుల పని, 500 దాకా రాకపోకలు. లోపల మెత్త పరుచుకోవడం ఆడదాని వంతు. మగది అప్పటికే పక్క మట్టకి ఇంకో గూడు, ఇంకో పెళ్ళి మొదలెట్టేసి ఉంటుంది. "ఆదర్శ సంసారం" అని ఈ గూటి ఫోటో మీద రాసి పెళ్ళిరోజు శుభాకాంక్షలు పంపేవాళ్ళు ఒకసారి ఆలోచించుకోవాలి.

ఇప్పుడు లెక్క. కట్టడానికి 18 రోజులు. 2 నుంచి 4 గుడ్లు, రోజుకొకటి. పొదగడానికి 14 నుంచి 17 రోజులు. పిల్లలు ఎగరడానికి ఇంచుమించు ఇంకో 17 రోజులు. మొదటి పోగు నుంచి ఆఖరి పిల్ల ఎగిరేదాకా యాభై రోజుల పైమాటే. కోసిన పచ్చగడ్డి యాభై రోజులు పచ్చగా ఉంటుందా? పశువులున్న ఏ ఇంట్లోనైనా అడగండి. వారం తిరక్కుండా రంగు మారుతుంది. అంటే పచ్చగా ఉన్న గూడు ఇంకా కడుతున్న గూడు. గోధుమరంగు తిరిగి, గొట్టం పొడుగ్గా దిగిన గూడు గుడ్లో పిల్లలో ఉన్న గూడు. మెసేజి మిమ్మల్ని ఏరికోరి దానికిందికే దోటితో పంపుతోంది.

ఆ సీజన్లో నిజంగా ఖాళీగా ఉండేవి సగంలో ఆగిన హెల్మెట్లు. వాటిని ఎవరూ కోయరు, వరండాలో అందంగా ఉండవు కదా. గొట్టం ఉన్నదే కావాలి. బూరెలబుట్టలో చెయ్యి పెట్టి పూర్ణం ఉన్నదే తీసినట్టు.

దోటికి కట్టిన కొడవలితో మట్ట కొస లాగితే గూడు ఎక్కడ పడుతుందో కూడా చెప్పుకోవాలి. పామూ పిల్లీ రాకుండా చాలా గూళ్ళు నూతుల మీద, చెరువు గట్ల మీద నీళ్ళవైపు వేలాడతాయి. కాబట్టి నీళ్ళలో పడుతుంది. తడిసిన గూడు అలంకారానికి పనికిరాదని ఇంకోటి కోస్తారు. ఎండు గూళ్ళకి ఇళ్ళల్లో గిరాకీ పుడితే కట్టలు కట్టి అమ్మేవాడు దానంతటదే పుడతాడు, ఒక చెట్టు మీది గుంపంతా ఒక పూటలో ఖాళీ. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 "వేట" అన్నమాటకి చెప్పిన అర్థంలోనే గుడ్లు పాడుచేయడం, గూళ్ళని కదపడం కూడా ఉన్నాయి. తుపాకీ పట్టినవాడే వేటగాడనుకునేవాళ్ళు ఆ వాక్యం చదువుకోండి, గ్రూపు అడ్మిన్లు రెండుసార్లు చదువుకోండి.

"వృథా పోకుండా" అన్నమాటకీ జవాబుంది. పక్షులు వెళ్ళిపోయాక చెట్టుకున్న పాత గూళ్ళల్లో జినువాయిలు, అంటే గింజలు తినే చిన్న మునియా పిట్టలు చేరతాయి, కొన్ని పడుకోవడానికి, కొన్ని గుడ్లు పెట్టడానికి. మీ వరండాలో వేలాడే గూట్లోకి మాత్రం పిచ్చుక రాదు. దానికి కావాల్సింది గోడకి కదలకుండా ఉన్న కన్నం, తిన్నగా ఎగిరొచ్చి దూరేది. కిందనుంచి గొట్టంలోకి రెక్కలు ముడుచుకుని దూసుకెళ్ళే విద్య గిజిగాడిది. ఉయ్యాల దానికి, అటక దీనికి. మరీ అంత ముచ్చటగా ఉంటే సంక్రాంతి వెళ్ళాక గాలికి నేలరాలిన గూడు ఏరుకోండి, పక్షికి నష్టం లేదు. ఇంట్లోకి తెచ్చేముందు గొట్టం కిందికి పెట్టి గట్టిగా దులపండి, చిట్టెలుక కాపురం ఉండొచ్చు.

ఆరోది పిచ్చుక పెట్టె. ఆలోచన మంచిదే, కొలతలే పాడు. "అట్టపెట్టెకో ప్లాస్టిక్ సీసాకో రెండంగుళాల కన్నం చేసి, బయట పుల్ల గుచ్చి, తాడుతో వేలాడదీయండి." అట్ట మొదటి వానకి ముద్దవుతుంది. సీసా ఏప్రిల్ ఎండకి లోపలున్న పిల్లల్ని ఉడకబెడుతుంది. రెండంగుళాల కన్నంలో గోరింక దూరి పిచ్చుకని తరిమేస్తుంది. బయట పుల్ల పిచ్చుకకి అక్కర్లేదు, కాకికి కూర్చుని పిల్లల్ని లాక్కోవడానికి పనికొస్తుంది.

సరైనది ఇదీ: అరంగుళం నుంచి ముప్పావంగుళం మందం చెక్క, లోపల అడుగు ఐదారంగుళాల చదరం, ఎత్తు ఎనిమిదంగుళాలు. కన్నం 32 మిల్లీమీటర్లు, అడుగు నుంచి ఐదంగుళాల పైన. కొలబద్ద లేకపోతే పది రూపాయల బిళ్ళ పెట్టండి, అది 27 మిల్లీమీటర్లు, చుట్టూ రెండున్నర మిల్లీమీటర్లు వదిలి గీత గీయండి. అడుగున మూలలకి నాలుగు చిన్న బెజ్జాలు, తడి నిలవకుండా. లోపల రంగు వేయొద్దు, రందా కొట్టొద్దు, గరుకుగా ఉంటేనే పిల్లలు పాకి పైకొస్తాయి. నేల నుంచి ఎనిమిది పదడుగుల ఎత్తున, చూరు కింద, పడమటెండ తగలని గోడకి మేకులతో బిగించండి. పిచ్చుకలకి ఇరుగుపొరుగు ఇష్టం, రెండుమూడు పెట్టెలు పక్కపక్కనే పెట్టొచ్చు. సీలింగ్ ఫ్యాను తిరిగే గదిలో మాత్రం వద్దే వద్దు. చెక్కపని కుదరకపోతే చిన్న కుండకి అదే కొలతలో కన్నం చేసి, మూతి మూసి, గోడకి ఆనించి కట్టండి. గంజాం జిల్లాలో ఋషికుల్య ముఖద్వారం దగ్గరున్న పురుణబంధ ఊరివాళ్ళు ఇళ్ళకి కుండలు కట్టే పిచ్చుకల్ని నిలుపుకున్నారు. వాళ్ళెవరూ గిజిగాడి గూడు కోయలేదు.

మిగిలింది తొమ్మిదోది. "వరికంకుల కుచ్చు కట్టి చూరుకి వేలాడదీయండి." ఇది చదివి తిట్టడానికి సిద్ధపడ్డాను గానీ తిట్టడానికేమీ దొరకలేదు. మన ఇళ్ళల్లో, గుళ్ళల్లో ఎప్పట్నుంచో ఉన్నదే, మెసేజి మొత్తంలో పంపదగ్గ వాక్యం ఇదొక్కటే. పిచ్చుకలు తింటాయి, జినువాయిలు తింటాయి, కోతల సమయానికి గిజిగాళ్ళూ దిగుతాయి. కంకి పూర్తిగా పండి గింజ రాలే దశకి ముందే, అడుగున్నర కాడతో కోసి జడలా అల్లితే గింజలు నిలుస్తాయి. కోతకి ముందు పురుగుమందు కొట్టిన మడి కంకులు వద్దు. దుకాణంలో కొన్న విత్తనధాన్యం గుడ్డలో చుట్టి కట్టొద్దు, దానికి పట్టించిన రంగు మందు విషం. వాన జల్లు తగిలి బూజుపట్టిన కుచ్చు తీసేసి కొత్తది కట్టండి. పిల్లి గెంతితే అందే కిటికీ పక్కన కట్టకండి, గుమ్మానికి ఎదురుగానూ కట్టకండి. పొట్టు రాలుతూనే ఉంటుంది, రోజూ ఊడ్చుకోవాలి.